ఇంటిపేరు మారిపోయిన మనిషి: ఒక మామూలు ఇంగ్లీషు స్త్రీ వంశాన్ని వెతకడం ఎలా

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో బతికిన ఒక పనిమనిషినో, మిల్లు కూలీనో వెతకాలనుకుంటే ముందు ఒక అలవాటు మానుకోండి. ఆమె పేరు సెర్చ్ బాక్సులో కొట్టి, వచ్చినవాళ్ళలో నచ్చినామెని ఎంచుకోవడం. అప్పట్లో ఏ పల్లె చూసినా మేరీలు, సారాలు, ఎలిజబెత్‌లు, ఆన్‌లే. పైగా పెళ్ళి కాగానే ఇంటిపేరు పోతుంది. మొగుడు పోయి మారుమనువు చేసుకుంటే అదీ పోతుంది. మన దగ్గర పుట్టింటి ఇంటిపేరు పెద్దవాళ్ళ నోట్లో ఇంకా ఆడుతూ ఉంటుంది. అక్కడ అది చాలాసార్లు ఒకే ఒక్క గడిలో మిగులుతుంది: పిల్లల జనన సర్టిఫికెట్‌లో తల్లి పేరు రాసే గడి. ఆమెని వెతకడమంటే ఆమె చుట్టూ ఉన్నవాళ్ళ కాగితాల్లో ఆమె కోసం వెతకడమే.

చెప్పడానికి వీలుగా ఒక ఊహా మనిషిని పెట్టుకుందాం. పేరు మేరీ ఆన్ కార్టర్. 1850 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో (ఇంగ్లండ్‌లో ఒక పాలనా ప్రాంతం) పుట్టింది, అక్కడి లూటన్ పట్నం టోపీల వ్యాపారానికి గడ్డి జడలు అల్లింది, 1915లో పోయింది. మీరు వెతికే మనిషి లాంకషైర్ నూలు మిల్లులో పనిచేసినా, లండన్‌లో ఇంటిపని చేసినా దారి ఇదే.

చావు నుంచి పుట్టుక వైపు

వెతుకులాట ఎప్పుడూ వెనక్కే నడవాలి. ఇంట్లో ఉన్న కాగితాలు ముందు తియ్యండి: పాత బైబిల్ అట్ట లోపలి పేజీ, ఫొటోల వెనక రాతలు, సంతాప కార్డులు, స్టూడియో ముద్ర. ముద్రలో ఊరి పేరు ఉంటే అదే సగం దారి.

ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. వీటి కేంద్ర సూచికలు జనరల్ రిజిస్టర్ ఆఫీసులో ఉంటాయి. అందరూ జీఆర్‌ఓ అంటారు. సూచిక మూడేసి నెలలకొకటి. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ అని ఉంటుంది, అది నమోదైన త్రైమాసికం. బిడ్డని నమోదు చేయడానికి 42 రోజుల గడువు ఉండేది కాబట్టి మార్చి సూచికలో కనిపించిన బిడ్డ అంతకుముందు నవంబర్‌లో పుట్టి ఉండొచ్చు.

మేరీ ఆన్ మరణ సర్టిఫికెట్ తెప్పిస్తే వయసు, ఊరు, జబ్బు తెలుస్తాయి. ఆమె వృత్తి గడిలో సాధారణంగా ఆమె పని ఉండదు, 'ఫలానా కూలీ విధవ' అని ఉంటుంది. పుట్టింటి పేరు కోసం అందులో వెతకొద్దు, మరణ సర్టిఫికెట్ మీదికి అది 1969 ఏప్రిల్ నుంచే వచ్చింది. అసలు చూడాల్సింది కబురు చెప్పినవాళ్ళ గడి. అక్కడ ఇంకో ఇంటిపేరుతో ఒకామె, పక్కన 'కూతురు' అని ఉంటే, ఒక కూతురు ఎవరింటికి వెళ్ళిందో తేలిపోయినట్టే.

అసలు తాళంచెవి: బిడ్డ సర్టిఫికెట్

చాలామంది ఆమె జనన సర్టిఫికెట్ కోసం ముందు డబ్బు ఖర్చు పెడతారు. పుట్టింటి పేరు తెలియకుండా అది గుడ్డి గురి. ముందు ఆమె బిడ్డల్లో ఒకరిది తెప్పించండి. తల్లి గడిలో ఇలాంటి రాత ఉంటుంది:

మేరీ ఆన్ కార్టర్, లేట్ హారిస్, ఫార్మర్లీ ఫ్లెచర్

దీన్ని చివరి నుంచి చదవాలి. 'ఫార్మర్లీ' తర్వాత వచ్చేది పుట్టింటి పేరు, ఫ్లెచర్. 'లేట్' తర్వాతది మొదటి మొగుడి ఇంటిపేరు, హారిస్. కార్టర్ ఇప్పటి మొగుడు. ఒక్క గీతలో మూడు ఇళ్ళు. ఇక్కడ 'లేట్' అంటే చనిపోయిందని కాదు. మన వాడుకలోని 'లేట్' గుర్తొచ్చి ఆమె పోయిందనుకునే ప్రమాదం తెలుగువాళ్ళకి మరీ ఎక్కువ.

సంతకం గడి కూడా చూడండి. 'ఎక్స్, మేరీ ఆన్ కార్టర్ గుర్తు' అని ఉంటే ఆమె సంతకం బదులు గీత గీసింది. అలాంటప్పుడు పేరు స్పెల్లింగ్ రిజిస్ట్రార్ చెవికి ఎలా వినిపిస్తే అలాగే పడింది. పల్లె యాసలో మాట మొదటి 'హ' ఎగిరిపోతుంది కాబట్టి హారిస్ 'ఆరిస్' అవుతుంది, హన్నా 'ఆన్నా' అవుతుంది. తెలిసిన స్పెల్లింగ్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే మనిషి దొరకదు.

జనన సమయం గంటలతో సహా రాసి ఉంటే ఆగి చూడండి. ఇంగ్లండ్‌లో అది మామూలుగా కవలలకే రాస్తారు. రెండో బిడ్డని వెతకాలి.

ధరలు: 2024లో పెంచాక కాగితం సర్టిఫికెట్ 12.50 పౌండ్లు, పీడీఎఫ్ 8, వెంటనే తెర మీద వచ్చే డిజిటల్ చిత్రం 3. ఆ మూడు పౌండ్ల చిత్రం 1837 నుంచి సుమారు వందేళ్ళ కిందటి దాకా జననాలకి, 1837 నుంచి 1887 దాకా మరణాలకి దొరుకుతుంది. పెళ్ళిళ్ళకి కాగితమే గతి. అది కొనేముందు కౌంటీ ఆర్కైవ్ (పాత పత్రాల భాండాగారం) చర్చి రిజిస్టర్లను ఏదైనా సైట్‌లో పెట్టిందేమో చూడండి. చర్చి పెళ్ళి అయితే అక్కడున్నదీ అదే సమాచారం, అసలు సంతకాలతో సహా.

పిల్లలందరినీ పోగు చేయడం

జీఆర్‌ఓ సొంత ఆన్‌లైన్ సూచికలో తల్లి పుట్టింటి పేరు 1837 నుంచీ ఉంది. పాత అచ్చు సూచికల్లో అది 1911 సెప్టెంబర్ త్రైమాసికం నుంచే. స్వచ్ఛంద కార్యకర్తలు ఎక్కించిన ఫ్రీబీఎండీ అనే సైట్ ఆ పాత సూచికల ఆధారంగా తయారైంది కాబట్టి ఈ పనికి అది చాలదు. జీఆర్‌ఓ సైట్‌లోనే చేయాలి, ఖాతా ఉచితం.

అక్కడ ఒకసారికి ఒక ఏడాది, అటూ ఇటూ రెండేళ్ళు మాత్రమే వెతకనిస్తుంది. మగా ఆడా విడివిడిగా అడగాలి. ఆమెకి ఇరవై నుంచి నలభై అయిదేళ్ళ మధ్య పిల్లలు పుట్టారనుకుంటే పాతికేళ్ళు, అంటే అయిదు విడతలు, ఒక్కోదానికి రెండుసార్లు, మొత్తం పది వెతుకులాటలు. ఇంటిపేరు కార్టర్, తల్లి పుట్టింటి పేరు ఫ్లెచర్, నమోదు జిల్లా లూటన్. మొదటి పేరు ఖాళీగా వదలండి. అరగంటలో పిల్లల జాబితా మీ ముందుంటుంది.

వరసలో మూడేళ్ళకి మించి ఖాళీ కనిపిస్తే అనుమానించాలి. మొగుడు దూరంగా ఉన్నాడా? పక్క జిల్లాకి వెళ్ళారా? బిడ్డ మృతశిశువుగా పుట్టిందా? అలాంటి జననాల నమోదు 1927 జూలైలో కానీ మొదలవలేదు. నమోదు చేయనివాళ్ళకి శిక్ష కూడా 1875 నుంచే గట్టిపడింది, అంతకుముందు కొందరు బిడ్డలు అసలు పుస్తకానికే ఎక్కలేదు.

పుట్టింటి పేరు గడిలో చిన్న గీత మాత్రమే ఉంటే సాధారణంగా పెళ్ళికాని తల్లి బిడ్డ. అప్పుడు బిడ్డ ఇంటిపేరే తల్లి ఇంటిపేరు. 1875 నుంచి తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితేనే అతని పేరు రాసేవాళ్ళు, అందుకే ఆ గడి ఖాళీ. కానీ తల్లులకీ ఉపాయాలుంటాయి. బిడ్డకి మధ్య పేరుగా ఏదో ఇంటిపేరు తగిలించి ఉంటే, చాలాసార్లు అది తండ్రిదే.

పెళ్ళి

పెద్దబిడ్డ పుట్టిన తేదీ నుంచి వెనక్కి వెతకండి. ముందు రెండేళ్ళు, దొరక్కపోతే ఇంకో మూడు. పెళ్ళయిన నాలుగైదు నెలలకే బిడ్డ పుట్టడం ఆ వర్గాల్లో వింతేమీ కాదు, దాన్ని చూసి కాగితం తప్పనుకోవద్దు.

1912కి ముందు సూచికలో జంట పేర్లు కలిపి ఉండవు. వరుడి పేరు ఒక చోట, వధువు పేరు ఇంకో చోట. ఇద్దరికీ త్రైమాసికం, జిల్లా, సంపుటి, పేజీ నాలుగూ కలవాలి. 1852 తర్వాత లూటన్ సంపుటి '3బి'. ఫ్రీబీఎండీలో పేజీ నంబర్ నొక్కితే ఆ పేజీలో ఉన్నవాళ్ళందరి పేర్లూ వస్తాయి. రెండు నుంచి నాలుగు జంటలుంటాయి, ఎవరు ఎవరిని చేసుకున్నారో మాత్రం చెప్పదు. కార్టర్, ఫ్లెచర్ ఇద్దరూ ఆ పేజీలో ఉన్నంత మాత్రాన గంతులెయ్యకండి.

మన మేరీ ఆన్ మాత్రం హారిస్ విధవగా పెళ్ళి చేసుకుంది. కార్టర్‌తో పెళ్ళి సూచికలో ఆమె ఫ్లెచర్‌గా కాకుండా హారిస్‌గానే ఉంటుంది. 'లేట్' అనే ఆ ఒక్క మాట చదవకపోతే ఈ పెళ్ళి ఎన్నేళ్ళు వెతికినా దొరకదు.

సర్టిఫికెట్ మీద ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. తల్లుల పేర్లకి 2021 మే దాకా చోటే లేదు. వయసు దగ్గర 'ఫుల్ ఏజ్' అంటే ఇరవై ఒకటి దాటాయని మాత్రమే. సాక్షుల పేర్లు తప్పకుండా రాసుకోండి. తరచూ వాళ్ళలో ఒకరు వధువు అక్కో చెల్లెలో అవుతుంది, అప్పటికే పెళ్ళయి ఉంటే కొత్త ఇంటిపేరుతో.

తండ్రి గడిని గుడ్డిగా నమ్మొద్దు. తండ్రి లేకుండా పుట్టిన పిల్ల పాదిరిగారి ముందు పరువు కోసం తాతనో, మారుతండ్రినో తండ్రిగా చెప్పేది. ఒక్కోసారి లేని మనిషినే పుట్టించేది.

పెళ్ళి ఎక్కడా దొరక్కపోతే? కోర్టు విడాకులు 1858లో వచ్చినా పేదవాళ్ళకి అందే ఖర్చు కాదది. మొదటి మొగుడు బతికుండగానే ఇంకొకరితో కాపురం పెట్టి, అతని ఇంటిపేరే వాడుకున్నవాళ్ళు ఎందరో. చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకోవడం కూడా 1907 దాకా చట్టవిరుద్ధం. అలాంటి జంటలు ఎవరూ ఎరగని పెద్ద పట్నానికి వెళ్ళి పెళ్ళి చేసుకునేవాళ్ళు.

జనాభా లెక్కలు

పదేళ్ళకోసారి తీసిన లెక్కల్లో 1841 నుంచి 1921 దాకా పేర్లతో చూడొచ్చు. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల తియ్యలేదు. 1841 లెక్కలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని అయిదుకి కుదించి రాశారు, 39 ఏళ్ళామె 35 అవుతుంది. బంధుత్వాలు కూడా రాయలేదు. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన ఊరు రెండూ ఉంటాయి.

మేరీ ఆన్‌ని ప్రతి లెక్కలోనూ పట్టుకోండి. ఒక్కటి తప్పిపోతే అదే రహస్యం దాగిన చోటు కావచ్చు. పదేళ్ళ వ్యవధిలో ఆమెకి ఏడేళ్ళే పెరగడం మామూలు. వయసులో రెండు మూడేళ్ళ తేడా వస్తే వదిలెయ్యకండి, పుట్టిన ఊరు కలుస్తుందా చూడండి. అది కూడా ఒకసారి పల్లె పేరు, ఇంకోసారి దగ్గరి పట్నం పేరు అవుతుంది. కెన్స్‌వర్త్ లాంటి ఊరు 1897 దాకా హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉండేది, తర్వాత బెడ్‌ఫర్డ్‌షైర్‌లోకి వచ్చింది. కౌంటీ గడి నింపి వెతికితే ఆ ఊరివాళ్ళు మాయమవుతారు.

ముద్దుపేర్ల సంగతి కూడా తెలిసుండాలి. మేరీ పాలీ అవుతుంది, సారా శాలీ, ఆన్ నాన్సీ, మార్గరెట్ పెగ్గీ, మార్తా పాటీ. ఎలిజబెత్‌కి బెట్సీ, బెస్సీ, లిజ్జీ, ఎలైజా అని అరడజను.

'డాటర్ ఇన్ లా' అంటే కోడలే అనుకోకండి. ఆ రోజుల్లో సవతి కూతురిని కూడా అలాగే రాసేవాళ్ళు. పదేళ్ళ పిల్ల పక్కన ఆ మాట కనిపిస్తే తల్లి మారుమనువు చేసుకుందన్నమాట. 'నర్స్ చైల్డ్' అంటే డబ్బులిచ్చి పెంచమని అప్పగించిన బిడ్డ. భార్యల వృత్తి గడి ఖాళీగా ఉంటే ఆమె పని చేయలేదని కాదు, లెక్క రాసేవాడు అడగలేదని. బెడ్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో మాత్రం గడ్డి జడ అల్లేవాళ్ళని ఆరేడేళ్ళ పిల్లలతో సహా రాశారు.

1911 లెక్క ఆడవాళ్ళ విషయంలో నిధి. ఇంటివాళ్ళే స్వయంగా నింపిన ఫారం, వాళ్ళ దస్తూరీతోనే చూడొచ్చు. పెళ్ళయిన స్త్రీలను నాలుగు అడిగారు: పెళ్ళయి ఎన్నేళ్ళు, ఈ పెళ్ళిలో బతికి పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు. ఫారంలో 9, 6, 3 అని ఉందనుకోండి. జీఆర్‌ఓలో మీకు తొమ్మిది మంది దొరికారా? ఏడుగురే దొరికితే ఇద్దరు ఇంకో జిల్లాలో ఉండొచ్చు, లేదా ముందు మొగుడి పిల్లల్ని కూడా కలిపి రాసి ఉండొచ్చు. విధవలు ఈ గడులు నింపక్కర్లేదు. చాలామంది నింపేశారు, గుమాస్తాలు వాటిని కొట్టేశారు, కొట్టివేత కింద అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. ఓటుహక్కు కోసం పోరాడిన కొందరు స్త్రీలు ఆ లెక్కని బహిష్కరించారు కాబట్టి కనిపించని స్త్రీలూ ఉంటారు.

తర్వాతి తరం కోసం 1939 రిజిస్టర్ చూడండి. 1939 సెప్టెంబర్ 29న గుర్తింపు కార్డుల కోసం తీసిన జాబితా అది, పుట్టిన తేదీతో సహా. తర్వాత దాన్ని ఆరోగ్య సేవ పుస్తకంగా వాడుకుంటూ వచ్చారు కాబట్టి, పెళ్ళయిన అమ్మాయి పాత ఇంటిపేరు కొట్టేసి పైన కొత్తది రాశారు. 1939లో పద్దెనిమిదేళ్ళ పిల్లకి 1950లో పెళ్ళయితే ఆ పేరు అక్కడే ఉంటుంది. స్త్రీల విషయంలో ఇంత దయగా ఉన్న పుస్తకం ఇంగ్లండ్‌లో ఇంకోటి లేదు.

పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

ఇప్పుడు మేరీ ఆన్ ఫ్లెచర్ పుట్టుక. లెక్కల ప్రకారం 1848 నుంచి 1852 మధ్య. లూటన్, దాని చుట్టుపక్కల జిల్లాల్లో ఆ పేరుతో నలుగురు దొరికారనుకోండి. తండ్రి పేరు కలిసిందని ఒకామెని తీసుకోవడం కాదు, మిగతా ముగ్గుర్నీ తీసెయ్యాలి. ఒక్కొక్కరికీ ముందు చిన్నప్పుడే మరణం ఉందేమో చూడండి, జీఆర్‌ఓ సూచికలో వయసు ఉంటుంది. ఒక హెచ్చరిక: నెలల బిడ్డల వయసుని అక్కడ కొన్నిసార్లు ఏళ్ళుగా ఎక్కించారు, ఆరు నెలల పాప ఆరేళ్ళదిగా కనిపిస్తుంది. తర్వాత ఇంకెవరినైనా పెళ్ళి చేసుకుందేమో, మేరీ ఆన్ కార్టర్ లూటన్‌లో ఉన్న ఏడాదే ఈమె పుట్టింట్లో ఫ్లెచర్‌గా ఉందేమో చూడండి. ముగ్గురూ తేలిపోయాక మిగిలినామెకి మూడు పౌండ్లు పెట్టండి.

పెద్ద సైట్లలో జనం పెట్టిన వంశవృక్షాలు వందమందివి ఒకేలా ఉన్నాయంటే అవి వంద రుజువులు కావు. ఒకరు చేసిన తప్పుని తొంభై తొమ్మిది మంది నకలు చేసి ఉండొచ్చు. బాల్యంలో పోయిన పిల్లకి మొగుడినీ పిల్లల్నీ కట్టబెట్టిన వృక్షాలు కొల్లలు.

1837కి ముందు: చర్చి పుస్తకాలు

చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం, భూస్థాపనలో వయసు ఉంటాయి. దానికి ముందు 'విలియం, ఆన్‌ల కూతురు మేరీ' అనే ఒక్క ముక్కే. తల్లి పుట్టింటి పేరు ఉండదు, పెద్దబిడ్డ బాప్తిస్మం ముందు ఆ ఊళ్ళోనో, పది పన్నెండు మైళ్ళ లోపు ఊళ్ళలోనో విలియం పెళ్ళిని వెతకాలి. పెళ్ళి సాధారణంగా పెళ్ళికూతురి ఊరి చర్చిలో జరిగేది. 1752కి ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి 1740 ఫిబ్రవరి అంటే మన లెక్కలో 1741.

బెడ్‌ఫర్డ్‌షైర్‌లో బాప్టిస్టులు ఎక్కువ. వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, అందుకే ఆ ఇంటి పిల్లలు పుస్తకంలో ఉండకపోవచ్చు. పెళ్ళి మాత్రం 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్ళు), యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చిలోనే చేసుకోవాలి. తల్లిదండ్రులు అక్కడే దొరుకుతారు.

పేదరికం వదిలిన కాగితాలు

వీలునామాల దగ్గర ఆమె కోసం వెతికి లాభం తక్కువ. 1883 దాకా పెళ్ళయిన స్త్రీ మొగుడి అనుమతి లేకుండా వీలునామా రాయడానికి వీల్లేదు. ఆమె తండ్రిదో, పెళ్ళికాని మేనత్తదో వెతకండి. 'జాన్ హారిస్ భార్య అయిన నా కూతురు మేరీ ఆన్‌కి' అన్న వాక్యం అక్కడ దొరుకుతుంది.

నిజానికి పేద స్త్రీ గొంతు వినిపించేది పేదల సహాయ కాగితాల్లో. 1662 చట్టం ప్రకారం పేదమనిషిని పోషించే బాధ్యత ఆ మనిషి సొంత పారిష్‌ది (ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి), పెళ్ళయిన స్త్రీకి మొగుడి పారిషే సొంతం. మొగుడు పోయి సాయం అడిగిన విధవని మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి అడిగేవాళ్ళు: ఎక్కడ పుట్టావు, ఏడాది పాటు జీతానికి ఎక్కడ పనిచేశావు, ఎప్పుడు ఎక్కడ పెళ్ళయింది, మొగుడిది ఏ ఊరు, పిల్లల పేర్లూ వయసులూ ఏమిటి. ఆ వాంగ్మూలం ఒక్క పేజీ అయినా జీవితమంతా అందులో ఉంటుంది. కడుపుతో ఉన్న పెళ్ళికాని పిల్లని బిడ్డ తండ్రెవరని అడిగి రాయించుకున్న పత్రాలు వేరే ఉంటాయి, జనన సర్టిఫికెట్ ఖాళీ వదిలిన పేరు వాటిలో దొరకొచ్చు. 1834 తర్వాత వర్క్‌హౌస్ (పేదలకి తిండి పెట్టి పని చేయించే గృహం) ప్రవేశ పుస్తకాలు, దాన్ని నడిపే సంరక్షకుల మండలి చిట్టాలు చూడండి. ఇవన్నీ కౌంటీ ఆర్కైవ్‌లలో ఉంటాయి, మన మేరీ ఆన్‌కి బెడ్‌ఫర్డ్‌లో. అన్నీ ఇంటర్నెట్‌లోకి రాలేదు. కేటలాగ్‌లో పారిష్ పేరుతో వెతికి, పత్రం నంబర్ రాసుకుని, నకలు కోసం రాయాలి.

ఆమె మన వైపు వచ్చి ఉంటే

సైనికుడి భార్యగా సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంట్లకో, మచిలీపట్నం, విశాఖపట్నాలకో వచ్చిన స్త్రీల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా అక్కడి దండు మద్రాసు సైన్యానిది, కాబట్టి చూడాల్సింది మద్రాసు ప్రెసిడెన్సీ వరస, దాని గుర్తు 'ఎన్/2'. చిత్రాలు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర సైట్‌లో చూడొచ్చు. అవి ఇక్కడి చర్చి పుస్తకాల నుంచి లండన్‌కి పంపిన నకళ్ళు. తేడా కనిపిస్తే ఇక్కడి అసలు రిజిస్టర్‌తో పోల్చాలి.

రెజిమెంట్లలో విధవలు నెలల్లోనే మరో సైనికుణ్ణి చేసుకోవడం తరచూ జరిగేది. అందుకని ఆమె భూస్థాపన మొదటి మొగుడి పేరుతో దొరక్కపోతే, అతని భూస్థాపన తేదీ నుంచి ముందుకి రెండేళ్ళ పెళ్ళిళ్ళు ఒక్కొక్కటిగా చదవండి. ఆ పెళ్ళి నమోదులో తండ్రి పేరు రాసి ఉంటే, ఇంగ్లండ్ జనాభా లెక్కల్లో ఆ పేరుతో మళ్ళీ మొదలుపెట్టొచ్చు.